మానవ హక్కుల న్యాయ పరిశోధన వృత్తిగా నిలబడుతుందా? బెంగళూరులో లా చదువుతున్న అనంతపురం విద్యార్థికి నా జవాబు

మీ ప్రశ్నను కుదిస్తే ఇది. మీది అనంతపురం జిల్లా. బెంగళూరులో ఐదేళ్ల లా కోర్సు, నాలుగో ఏడు. మానవ హక్కులు, నేర న్యాయవ్యవస్థ మీద పనిచేసే అధ్యాపకుడిగా, పరిశోధకుడిగా స్థిరపడాలని ఉంది. పట్టా చేతికి రాగానే విదేశంలో ఎల్‌ఎల్‌ఎం (న్యాయశాస్త్రంలో పీజీ) చేయాలా, ఇక్కడే నల్లకోటు వేసుకుని కోర్టుకు వెళ్లాలా? "దీంతో ఇల్లు గడుస్తుందా" అని నాన్నగారు అడుగుతున్నారు, ఆయనకు ఏం చెప్పాలి?

ముందు జవాబు చెప్పేస్తాను. మూడేళ్లు మేజిస్ట్రేటు కోర్టులో పనిచేయండి, ఎల్‌ఎల్‌ఎం ఆ తర్వాత. విదేశీ చదువుకు పూర్తి స్కాలర్‌షిప్పు వస్తే వెళ్లండి, పొలం తాకట్టు పెట్టి మాత్రం వెళ్లకండి. ఇల్లు గడుస్తుంది, అధ్యాపక ఉద్యోగం దొరికేదాకా కటకటగా గడుస్తుంది. నాన్నగారికి ఈ రెండో భాగం దాచకండి.

నేను బెంగళూరులోనే కొన్నేళ్లు క్రిమినల్ ప్రాక్టీసు చేసి తర్వాత బోధనలోకి వచ్చాను. ఇప్పుడు విద్యార్థులతో కలిసి కాలేజీ న్యాయ సహాయ కేంద్రం పని చూస్తున్నాను. కాబట్టి నా సలహాలో కోర్టు వైపు మొగ్గు ఉంటుంది. ఆ మేరకు తగ్గించుకునే చదవండి.

కోర్టు ముందు ఎందుకు అంటున్నానో ఒక కేసుతో చెబుతాను. పాలమూరు వైపు నుంచి వచ్చిన సెంట్రింగ్ కార్మికుడు. వైట్‌ఫీల్డ్ దగ్గర ఒక సైటులో ఇనుప కడ్డీలు పోయాయని అరెస్టు చేశారు. కొద్ది రోజుల్లోనే బెయిలు వచ్చింది. అయినా వారాల తరబడి పరప్పన అగ్రహార జైల్లోనే ఉన్నాడు. ఎందుకంటే ఉత్తర్వులో "స్థానిక షూరిటీ" అని ఉంది, అంటే ఇక్కడే ఆస్తి ఉండి అతనికి పూచీ నిలబడే మనిషి కావాలి. ఊరి నుంచి మేనమామ పట్టాదారు పాసు పుస్తకం పట్టుకుని రాత్రి బస్సులో వచ్చాడు. తెలంగాణ భూమి పనికిరాదు, కర్ణాటక పహణి (భూమి రికార్డు) ఉన్నవాళ్లను తీసుకురమ్మన్నారు. బెంగళూరులో ఆ కుటుంబానికి తెలిసినవాళ్లంతా రేకుల షెడ్లలో ఉండే తోటి కూలీలే. కోర్టు ఆవరణలో డబ్బు తీసుకుని షూరిటీ నిలబడే మనుషులు దొరుకుతారు. వాళ్లడిగే మొత్తం అతని నెల కూలీని దాటింది. చివరికి షరతు మార్చమని మళ్లీ దరఖాస్తు పెట్టుకుని బయటికి తేవలసి వచ్చింది.

కాగితం మీద ఇది "బెయిలు మంజూరైన కేసు". మీరు నేరుగా పరిశోధనలోకి వెళ్లి, కోర్టు ఉత్తర్వులు పోగుచేసి లెక్క కడితే ఈ మనిషి మంచి అంకెల వైపు చేరిపోతాడు. మంజూరుకూ విడుదలకూ మధ్య ఎంతకాలం పట్టిందని అడగాలన్న ఆలోచనే రాదు. ఆ ప్రశ్న కోర్టు బెంచీ గుమస్తా బల్ల దగ్గర నిలబడ్డవాడికే తడుతుంది.

ఇప్పుడు చట్టం ఏమంటుందో చూడండి. 1978లోనే మోతీరామ్ కేసులో జస్టిస్ కృష్ణయ్యర్ ఈ విషయం తేల్చారు. మోతీరామ్ తాపీమేస్త్రీ. మేజిస్ట్రేటు పది వేల రూపాయల షూరిటీ అడగడమే కాక, అతని సోదరుడి ఆస్తి వేరే జిల్లాలో ఉందని ఆ షూరిటీని తిప్పికొట్టారు. ఒక మలయాళీనో కన్నడిగుడినో తమిళుడినో తెలుగువాడినో బస్తర్‌లో పట్టుకుంటే అక్కడ ఆస్తి ఉన్న షూరిటీని ఎక్కడి నుంచి తెస్తాడని ఆ తీర్పు సూటిగా అడుగుతుంది. తెలుగు కూలీ గురించి సుప్రీంకోర్టు పేరు పెట్టి అడిగి నలభై ఐదేళ్లు దాటింది. 2023 జనవరి 31న సుప్రీంకోర్టు మళ్లీ చెప్పింది: బెయిలు వచ్చిన ఏడు రోజుల్లో ఖైదీ విడుదల కాకపోతే జైలు సూపరింటెండెంటు జిల్లా న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి తెలియజేయాలి, నెలలోగా పూచీకత్తు ఇవ్వలేకపోతే కోర్టు తనంతట తానే షరతు సడలించడాన్ని పరిశీలించవచ్చు, విడుదల జాప్యానికి స్థానిక షూరిటీ పట్టుదల ఒక కారణం కాబట్టి అలాంటి చోట ఆ షరతు పెట్టకుండా ఉండవచ్చు. అదే ఏడాది కేంద్రం పేద ఖైదీల కోసం ఒక పథకం కూడా తెచ్చింది. విచారణ ఖైదీ బెయిలు కోసం ఒక పరిమితి దాకా ప్రభుత్వమే డబ్బు కట్టవచ్చు.

తీర్పు ఉంది, ఆదేశం ఉంది, పథకం ఉంది. మనిషి లోపలే ఉన్నాడు. ఈ రంగంలో పనికొచ్చే పరిశోధన చాలావరకు ఈ ఖాళీలోనే ఉందని నా అభిప్రాయం. 2022 చివరికి దేశంలోని జైళ్లలో 5,73,220 మంది ఉంటే, వాళ్లలో 4,34,302 మంది విచారణ ఖైదీలే. ఈ అంకెను ప్రతి వ్యాసం మొదటి పేరాలో చూస్తారు. ఆ తర్వాతి పేరా రాయగలిగేవాళ్లు తక్కువ.

ఇంకో ఉదాహరణ. పాత సీఆర్‌పీసీ స్థానంలో భారతీయ నాగరిక సురక్షా సంహిత 2024 జులై 1న అమల్లోకి వచ్చినప్పుడు సెక్షన్ 479ను అందరూ మెచ్చుకున్నారు. అంతకుముందు ఎప్పుడూ శిక్ష పడనివారు, ఆ నేరానికి ఉన్న గరిష్ఠ శిక్షలో మూడో వంతు కాలం జైల్లో ఉంటే బెయిలు మీద వదలాలి. మిగతావారికి సగం కాలం. మరణశిక్షకు, యావజ్జీవానికి అవకాశమున్న నేరాలకు వర్తించదు. పాత కేసులకూ వర్తిస్తుందని సుప్రీంకోర్టు ఆ ఆగస్టులోనే స్పష్టం చేసింది. బాగుంది. కాని రెండో ఉపసెక్షన్ చదవండి: ఒకటి కంటే ఎక్కువ నేరాల్లోగానీ, ఒకటి కంటే ఎక్కువ కేసుల్లోగానీ విచారణ నడుస్తుంటే ఈ సెక్షన్ కింద విడుదల లేదు. చార్జిషీటు ఒకసారి చేత్తో పట్టుకున్నవాడికి తెలుసు, ఒకే ఘటనకు నాలుగైదు సెక్షన్లు కలిపి రాయడం మామూలు. కుడిచేత్తో ఇచ్చినదాన్ని ఎడమచేయి ఎంత వెనక్కి తీసుకుంటోందో ఒక్క జిల్లాలో కూర్చుని లెక్కగట్టినా అది పీహెచ్‌డీకి సరిపోయే అంశం. "భారతదేశంలో విచారణ ఖైదీల హక్కులు: ఒక పరిశీలన" అన్న శీర్షికతో దయచేసి నా దగ్గరికి రాకండి.

మీ భాష మీకున్న ఆస్తి. ఇంగ్లిషులో చక్కగా రాసే విద్యార్థులు ఈ ఊళ్లో చాలామంది ఉన్నారు. పోలీసు కేసు డైరీలు, వాంగ్మూలాలు, కింది కోర్టు రికార్డు కన్నడంలో ఉంటాయి. జైలు ములాఖత్ దగ్గర నిలబడ్డ కుటుంబాల్లో కదిరి, హిందూపురం, కర్నూలు, పాలమూరు మనుషులు తప్పకుండా కనిపిస్తారు. ఆ రెండింటి మధ్య నడవగల మనిషి అరుదు. కన్నడ లిపి మనకు సగం వచ్చినట్టే, ఒక వేసవి కూర్చుంటే ఎఫ్‌ఐఆర్ చదవడం వస్తుంది. 2025 నవంబరులో సుప్రీంకోర్టు, అరెస్టుకు కారణాలను ఏ నేరంలోనైనా రాతపూర్వకంగా, అరెస్టయిన మనిషికి అర్థమయ్యే భాషలో ఇవ్వాలని చెప్పింది. బెంగళూరు స్టేషన్‌లో తెలుగు కూలీకి ఆ కాగితం ఏ భాషలో అందుతోందో చూసి రాయగలిగే స్థితిలో మీరున్నారు. ఢిల్లీలో కూర్చున్న ఆచార్యులకు ఆ అవకాశం లేదు.

"మరి పరిశోధకుడు రాస్తే ఏమవుతుంది, లాయరైతే ఒక మనిషినైనా విడిపిస్తాడు కదా" అని మీరు అడగలేదు కాని, ఆ సందేహం మీ ప్రశ్న వెనక ఉందని నాకనిపించింది. దీనికి జవాబు మన చరిత్రలోనే ఉంది. 1972లో మహారాష్ట్రలో మథుర అనే ఆదివాసీ బాలికపై పోలీసు స్టేషన్‌లోనే అత్యాచారం జరిగింది. 1978లో సుప్రీంకోర్టు ఇద్దరు పోలీసులనూ నిర్దోషులని వదిలేసింది. ఒంటి మీద ప్రతిఘటించిన గుర్తులు లేవన్నది ఒక కారణం. మరుసటి ఏడాది నలుగురు న్యాయశాస్త్ర అధ్యాపకులు, ఉపేంద్ర బక్షీ, లతికా సర్కార్, వసుధా ధగంవార్, రఘునాథ్ కేల్కర్, భారత ప్రధాన న్యాయమూర్తికి బహిరంగ లేఖ రాశారు. లొంగిపోవడం వేరు, సమ్మతి వేరు అన్నది ఆ లేఖ సారం. తీర్పు మారలేదు. లేఖ మాత్రం దేశమంతా తిరిగింది, మహిళా సంఘాలు వీధుల్లోకి వచ్చాయి, 1983లో చట్టం మారింది. కస్టడీలో అత్యాచారం ప్రత్యేక నేరమైంది. అలాంటి కేసుల్లో సంపర్కం రుజువై, తాను ఒప్పుకోలేదని బాధితురాలు కోర్టులో చెబితే ఆ మాటనే నిజమని భావించాలన్న నిబంధన సాక్ష్య చట్టంలోకి వచ్చింది. అదే బక్షీ, సర్కార్ ఆగ్రా రక్షణ గృహంలో మహిళల దుస్థితి గురించి రాసిన ఉత్తరాన్ని సుప్రీంకోర్టు పిటిషన్‌గా తీసుకుంది.

ఇది పాత కాలపు ముచ్చట అనుకుంటే దగ్గరి ఉదాహరణ చూడండి. ఢిల్లీ జాతీయ న్యాయ విశ్వవిద్యాలయం బృందం మరణశిక్ష పడ్డ 385 మందిలో 373 మందిని, వాళ్ల కుటుంబాలను కలిసి మాట్లాడి 2016లో నివేదిక తెచ్చింది. ఉరి ఎవరికి పడుతోందో, వాళ్ల చదువు ఏమిటో, ఆస్తి ఎంతో, విచారణలో వాళ్ల లాయరు వాళ్లతో ఎన్నిసార్లు మాట్లాడాడో మొదటిసారి దేశానికి తెలిసింది. "అరుదైన వాటిలో అత్యంత అరుదైన" అన్న 1980 నాటి బచన్ సింగ్ సూత్రం ఉన్నా, ముద్దాయి జీవితం గురించిన సమాచారం జడ్జి ముందుకు రావడమే లేదన్న విమర్శకు అలాంటి పని బలమిచ్చింది. 2022లో మనోజ్ కేసులో సుప్రీంకోర్టు, ఉరిశిక్ష విధించే ముందు విచారణ కోర్టు దశలోనే ముద్దాయి మానసిక స్థితి, కుటుంబ నేపథ్యం, జైల్లో నడవడి గురించి సమాచారం తెప్పించుకోవాలంది.

మన వైపు చూస్తే పౌరహక్కుల కోసం పనిచేసిన కె.జి. కన్నబిరాన్, కె. బాలగోపాల్ ఉన్నారు. బాలగోపాల్ కాకతీయ విశ్వవిద్యాలయంలో గణితం చెప్పారు. ఊళ్లు తిరిగి నిజనిర్ధారణ నివేదికలు రాశారు. చాలా ఏళ్ల హక్కుల ఉద్యమం తర్వాతే లాయరయ్యారు. మీకు నేను చెబుతున్న వరస ఆయన విషయంలో తలకిందులైంది కదా అంటారేమో. కాలేదు. ఘటన జరిగిన చోటికి వెళ్లడం ముందు, రాయడం తర్వాత. మీకు ఆ చోటు కోర్టు కావచ్చునంటున్నాను, అంతే.

ఇక డబ్బు సంగతి. సీనియర్ దగ్గర మొదటి ఏడాది జూనియర్‌కు వచ్చేది బెంగళూరు అద్దెలకు చాలదు. ఇంటి నుంచి సాయం అందదనుకుంటే ఈ మూడేళ్లకు ఒక దారి చూసుకునే దిగాలి. కొందరు సాయంత్రాలు కోచింగ్ కేంద్రాల్లో చెబుతారు, కొందరు అనువాదాలు చేస్తారు. కన్నడం, తెలుగు, ఇంగ్లిషు మూడూ వచ్చినవాడికి కోర్టు పత్రాల అనువాదం దొరుకుతూనే ఉంటుంది. ఒక చిన్న ఊరట: బార్ కౌన్సిళ్లు ఎన్‌రోల్‌మెంటుకు (లాయరుగా నమోదుకు) వేలకు వేలు గుంజే అలవాటుకు 2024 జులైలో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. చట్టంలో ఉన్న 750 రూపాయలకు మించి, ఎస్సీ ఎస్టీలకైతే 125కు మించి అడగకూడదు.

అధ్యాపక ఉద్యోగానికి ఎల్‌ఎల్‌ఎంతో పాటు అర్హత పరీక్ష కావాలి: జాతీయ స్థాయి నెట్ గానీ, కర్ణాటకలో కె-సెట్ గానీ. యూజీసీ వేతనం ఇచ్చే చోట అసిస్టెంట్ ప్రొఫెసర్ మూల వేతనం 57,700 రూపాయలతో మొదలవుతుంది, దాని మీద భత్యాలు. ప్రైవేటు కాలేజీల్లో అది ఎంతైనా కావచ్చు. అపాయింట్‌మెంట్ కాగితంలో ఒకటి, బ్యాంకు ఖాతాలో ఒకటి ఉండే చోట్లూ ఉన్నాయి. చేరే ముందు అక్కడ పనిచేస్తున్నవాళ్లను అడగండి. స్వచ్ఛంద సంస్థల్లో పని గొప్పగా ఉంటుంది, భరోసా ఉండదు. విరాళాల అనుమతి ఆగిపోతే మంచి ప్రాజెక్టు కూడా మధ్యలో మూతపడుతుంది.

ఒక నియమం ముందే తెలుసుకోండి. పూర్తికాలం జీతం తీసుకునే అధ్యాపకుడు కోర్టులో ప్రాక్టీసు చేయకూడదు. ప్రాక్టీసు చేస్తున్న లాయరు రోజుకు మూడు గంటలకు మించకుండా లా పాఠాలు చెప్పవచ్చు. అంటే "పొద్దున కోర్టు, మధ్యాహ్నం ప్రొఫెసర్" అన్న కల పార్ట్‌టైమ్ బోధనతోనే సాధ్యం. పూర్తికాలం బోధనలోకి వెళ్లిన రోజున వకాలత్ పక్కన పెట్టాలి. అందుకే ప్రాక్టీసు ముందు చేయమంటున్నది. తర్వాత ఆ తలుపు తెరవడం కష్టం.

మూడేళ్లే ఎందుకని అడగవచ్చు. ఒక సెషన్స్ కేసు మొదటి నుంచి చివరిదాకా చూడడానికి కనీసం అంత పడుతుంది. దానికి తోడు, సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మేలో సుప్రీంకోర్టు తేల్చింది. రేపు మనసు మారితే ఆ దారీ తెరిచి ఉంటుంది. విదేశీ స్కాలర్‌షిప్పులకూ ఇది పనికొస్తుంది. బ్రిటన్ ప్రభుత్వం ఇచ్చే చెవెనింగ్‌కు రెండేళ్లకు సమానమైన 2,800 గంటల ఉద్యోగానుభవం అడుగుతారు, చదువయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలన్న షరతూ ఉంది. ఫీలిక్స్, కామన్‌వెల్త్, ఇన్‌లాక్స్ కూడా చూడండి. కోర్టులో చూసిన ఒక స్పష్టమైన సమస్యతో వచ్చిన దరఖాస్తుకు, "చిన్ననాటి నుంచి న్యాయం కోసం తపన" అని మొదలయ్యే దరఖాస్తుకు తేడా చదివేవాళ్లకు వెంటనే తెలుస్తుంది. స్కాలర్‌షిప్పు రాకపోతే ఇక్కడి ఏడాది ఎల్‌ఎల్‌ఎం చాలు. నాగరబావిలోని నేషనల్ లా స్కూల్, హైదరాబాదులోని నల్సార్ ఉన్నాయి.

ఇంట్లో అడగబోయే రెండో ప్రశ్న: "దొంగల తరఫున, హంతకుల తరఫున నిలబడతావా? బాధితుల సంగతేమిటి?" పెళ్లి సంబంధాల వేళ ఈ ప్రశ్న ఇంకాస్త గట్టిగా వస్తుంది, సిద్ధంగా ఉండండి. వాళ్లను వెర్రివాళ్లని కొట్టిపారేయకండి, అది న్యాయమైన ప్రశ్నే. పైన చెప్పిన మథుర లేఖ బాధితురాలి కోసమే రాసింది. పోలీసు దర్యాప్తు సరిగ్గా జరగాలన్న పట్టుదల ముద్దాయికీ బాధితుడికీ మేలు చేస్తుంది. తప్పుడు మనిషిని లోపల వేస్తే అసలువాడు బయట తిరుగుతుంటాడు. ఏడాదికి ఒక్క కేసైనా బాధితుల తరఫున, పరిహారం ఇప్పించడానికైనా సరే, పట్టుకోమని నా విద్యార్థులకు చెబుతుంటాను. మాట్లాడే తీరు మారిపోతుంది.

జైలు పరిశోధన గురించి ఒక హెచ్చరిక. మిమ్మల్ని చూడగానే ఖైదీ అడిగే మొదటి మాట "సార్, నా కేసు చూస్తారా?" పరిశోధనకు వచ్చి ఆశ పెట్టి వెళ్లిపోవడం క్రూరమైన పని. ఏం చేయగలరో, ఏం చేయలేరో మొదటి నిమిషంలోనే చెప్పండి. వెళ్లేముందు జిల్లా న్యాయసేవాధికార సంస్థతో మాట్లాడుకుని, లాయరు లేనివాళ్ల వివరాలు వాళ్లకు అందేలా ఏర్పాటు చేసుకోండి. కస్టడీలో ఉన్న ఎవరికైనా ఆదాయంతో పని లేకుండా ఉచిత న్యాయ సహాయం పొందే హక్కు 1987 నాటి న్యాయసేవల చట్టం సెక్షన్ 12లోనే ఉంది. ఆ సంగతి తెలియని ఖైదీలు ఇప్పటికీ ఎదురవుతారు. పేర్లు, ఊరు, కేసు నంబరు మీ నోట్సులో వేరుగా ఉంచండి. విచారణలో ఉన్న మనిషి మీతో అన్న మాట రేపు అతనికే చుట్టుకోకూడదు.

ఈ సెలవుల్లో ఏం చేయాలని కూడా రాశారు. ఢిల్లీ ఇంటర్న్‌షిప్పుల వెంట పడకండి. నృపతుంగ రోడ్డులోని మేజిస్ట్రేటు కోర్టుల్లోగానీ మేయో హాల్‌లోగానీ రోజూ రిమాండు కేసులు చూసే ఒక లాయరును పట్టుకోండి. పేరు మోసినవాళ్లు అక్కర్లేదు, ఫోను ఎత్తేవాళ్లయితే చాలు. పొద్దున్నే వెళ్లి, ప్రతి రిమాండులో ఐదు సంగతులు రాసుకోండి: అరెస్టు కారణాలు రాతలో ఇచ్చారా, ఏ భాషలో, మేజిస్ట్రేటు ముద్దాయితో నేరుగా మాట్లాడారా, పక్కన లాయరు ఉన్నారా, బెయిలు వస్తే షూరిటీ షరతు ఏమిటి. సెలవుల చివర్లో ఆ నోటుపుస్తకం తీసుకుని నాకు సందేశం పెట్టండి, అందులోంచి వ్యాసం ఎలా తీయాలో కూర్చుని చూద్దాం. నాన్నగారు బెంగళూరు వస్తే ఆయనతోనూ మాట్లాడతాను.